పిల్లిని విమానం ఎక్కించే ముందు

పాలమూరు నుంచి జర్మనీకో, ఫ్రాన్స్‌కో వెళ్తూ ఇంటి పిల్లిని కూడా తీసుకెళ్లాలనుకునేవాళ్లు టికెట్ కంటే ముందు చిప్ సంగతి చూసుకోండి. చర్మం కింద పెట్టే 15 అంకెల గుర్తింపు మైక్రోచిప్ వేయించాకే రేబిస్ టీకా వేయించాలి. వరుస తారుమారైతే ఆ టీకా లెక్కలోకి రాదు. టీకా వేసి కనీసం 30 రోజులైన తర్వాత, అది పనిచేసిందో లేదో తేల్చే పరీక్షకు రక్తం తీయించి, యూరోపియన్ యూనియన్ గుర్తించిన ల్యాబ్‌కు పంపాలి. రక్తం తీసిన రోజు నుంచి ఇంకో 3 నెలలు ఆగాలి. అందుకే ఆరు నెలల ముందే మొదలుపెడితే టెన్షన్ ఉండదు. ఎగుమతి ఆరోగ్య ధ్రువపత్రం ఇచ్చే జంతు క్వారంటైన్ ఆఫీసు హైదరాబాద్‌లో కూడా ఉంది.

కాగితాల కంటే నాకు ముఖ్యమనిపించేది బోను అలవాటు. బోనును హాల్లో ఒక మూలన తలుపు తీసి పెట్టేయండి. పిల్లి రోజూ పడుకునే పాత చీర ముక్కను ఉతక్కుండా లోపల పరవండి, తిండి గిన్నె కూడా అక్కడే పెట్టండి. తనంతట తాను వెళ్లి పడుకునేదాకా తలుపు వేయొద్దు, పాపం బెదిరిపోతుంది. తర్వాత కారులో జడ్చర్ల దాకా తిప్పి తీసుకురండి. శంషాబాద్ వెళ్లేదీ ఆ దారినే కదా.

కేబిన్‌లో తీసుకెళ్తే సెక్యూరిటీ దగ్గర పిల్లిని బయటికి తీసి, ఖాళీ బోనును ఎక్స్‌రేలో పెట్టాలి. అందుకే ముందే ఒంటికి హార్నెస్ (ఛాతీ చుట్టూ బిగించే పట్టీ) తొడగండి. మెడపట్టీ ఒక్కటే నమ్ముకోవద్దు, వెనక్కి గుంజుకుంటే తల ఇట్టే జారిపోతుంది.

నిద్రమందు మాత్రం సొంతంగా ఇవ్వకండి. గాల్లో ఊపిరికి, బీపీకి ప్రమాదం.