మేడ మీది కుర్చీలకు తొడుగులు కుట్టించే ముందు

విశాఖలో సముద్రానికి దగ్గరగా ఉండేవాళ్లకు వానతో కన్నా ఉప్పుగాలితోనే పేచీ ఎక్కువ. మా మేడ మీద ఇనుప కాళ్ల బల్ల, కేన్ కుర్చీలు, ఒక ఉయ్యాల ఉన్నాయి. టార్పాలిన్ పట్టా కప్పి తాడు బిగిస్తే చాలదా అని అడుగుతుంటారు. చాలదు. నేల దాకా బిగించిన పట్టా లోపల తడి ఎటూ పోదు. ఎండ కాయగానే అదంతా ఆవిరై కేన్‌కు బూజు, ఇనుముకు తుప్పు పట్టిస్తుంది. పైగా మామూలు నీలం పట్టా ఎండకు పెళుసెక్కి పొరలు పొరలుగా రాలి, ఊడవడం మరో పని.

కొలతకు కుట్టించుకోవడమే మేలు. కుర్చీలకు చొక్కాలా అని మావారు నవ్వుతారు, నవ్వనివ్వండి. మందపాటి గుడ్డ మామూలు కుట్టుమిషనుకు లొంగదు కాబట్టి ఆటో, కారు సీట్లు కుట్టేవారి దగ్గరికి వెళ్లండి. లోపలివైపు నీరు దిగని పూత ఉన్న 600 డెనియర్ (పోగు మందాన్ని చెప్పే కొలత) పాలిస్టర్ అడగండి. దారం కూడా పాలిస్టర్‌దే కావాలని గట్టిగా చెప్పండి. నూలు దారమైతే గుడ్డ గట్టిగా ఉండగానే కుట్లు చీకిపోతాయి. తాడు దూర్చే రింగులు ఇత్తడివి వేయించండి.

కొలతలు మీరే తీసుకోండి. కేన్ కుర్చీ చేతులు బయటికి వాలి ఉంటాయి, సీటు వెడల్పు చూసి కుట్టిస్తే తొడుగు అసలు దిగదు. ఎక్కడ ఎక్కువ వెడల్పు ఉందో అక్కడ కొలిచి, చుట్టూ ఒక అంగుళం వదులు ఇవ్వండి. అంచు నేలకు నాలుగు వేళ్ల ఎత్తున ఆగాలి. రెండు పక్కలా పైభాగంలో గాలి కన్నం, దాని మీద కిందికి వాలే రెక్క తప్పనిసరి. కన్నానికి దోమతెర ముక్క వేయించకపోతే కందిరీగలు గూడు కడతాయి. బల్లకైతే నడుమ బకెట్ బోర్లించి, దానితో సహా కొలవండి. అప్పుడే వాననీరు నిలవకుండా జారిపోతుంది.

తొడిగే ముందు మంచినీళ్లతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. ఉప్పు పొర మిగిలితే గాలిలోని తేమను అదే పీల్చుకుంటుంది.

తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు మాత్రం ఏ తొడుగునూ నమ్మవద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటింది ఇక్కడే. అంత గాలికి తొడుగు తెరచాపలా ఉబ్బి కుర్చీని కూడా లేపుకుపోతుంది. తొడుగులు తీసి మడిచి, కుర్చీలు లోపల పెట్టండి. ఉయ్యాల గొలుసులు విప్పేయండి. బరువైన బల్లను తలకిందులు చేసి, పిట్టగోడ మూలకు చేర్చి తాడుతో కట్టండి.