పరాయి పీతల కట్టడి - 4వ పాఠం: ఏ బోనులో ఏ పీత పడదు?

ఒక్కో బోనుకి ఎన్ని పీతలు పడ్డాయో లెక్కకట్టి, ఫుకుయి, మిన్నో అనే రెండు రకాల బోన్లలో ఏది మేలో చెప్పమన్న పోయిన పాఠం అభ్యాసానికి దాదాపు అందరూ ఫుకుయి బోనే మేలని తేల్చారు. భాగహారం బాగానే చేశారు. కానీ పక్కనే ఇచ్చిన డొప్ప వెడల్పుల పట్టిక ఎవరూ చూడలేదు. అందుకే ఎరల పాఠం ఆపి మళ్ళీ బోన్ల దగ్గరికే వస్తున్నాను.

అమెరికా పడమటి తీరంలో యూరోపియన్ గ్రీన్ క్రాబ్‌కి, అంటే మనం కట్టడి చేయాలనుకునే ఆ పరాయి పీతకి, ఎక్కువగా వాడే రెండు బోన్లూ ఇవే. ఫుకుయి పెట్టెలా ఉంటుంది, మడిచి పెట్టుకోవచ్చు, రెండు చివర్లా చీలిక దారులు, వల కన్ను 12 మి.మీ. పైచిలుకు. పెద్దవి దండిగా పడతాయి, పిల్లలు కన్నులోంచి జారిపోతాయి. గొట్టంలా ఉండే మిన్నో బోనుకి కన్ను అందులో సగమే. దాని ద్వారాన్ని 5 సెం.మీ. దాకా పెంచి వాడతారు, అయినా బాగా పెద్దవి దూరడం కష్టం.

"ఎన్ని పడ్డాయి" అన్న ఒక్క అంకె చూసి బోనుకి మార్కులు వేయడం నాకు అస్సలు నచ్చదు. కాలిఫోర్నియాలోని సీడ్రిఫ్ట్ మడుగు సంగతే చూడండి. అక్కడ సుమారు 1,25,000 ఉన్న పీతల్ని పట్టి పట్టి 2013కల్లా 10,000 లోపుకి దించారు. 2014లో అవి దాదాపు 3,00,000 అయ్యాయి! పెద్ద పీతలు సొంత జాతి పిల్లల్నే తింటాయి. పెద్దవాటిని ఏరేసేసరికి పిల్లలకి అడ్డు లేకుండా పోయింది. ఇలాంటి చోట ఫుకుయి ఒక్కటే వేసి, రాత్రికి 12 పడేది 2కి తగ్గిందని సంబరపడితే, ఆ బోనుకి చిక్కని పిల్లలు కింద పెరుగుతూనే ఉంటాయి. బోను జల్లెడ లాంటిది, పైన మిగిలిందే మనకి కనిపిస్తుంది.

నేనైతే ఒకే కాలువలో, ఒకే రాత్రి, ఒకే ఎరతో ఫుకుయి, మిన్నో ఒకటి విడిచి ఒకటి వేస్తాను. సముద్రం వెనక్కి తగ్గే పాటు వేళ కూడా బోను నీళ్ళలోనే మునిగి ఉండాలి, లేకపోతే లోపల చిక్కిన స్కల్పిన్ చేపలు చచ్చిపోతాయి. గ్రీన్ క్రాబ్‌కి డొప్ప అంచున కళ్ళకి అటూ ఇటూ ఐదేసి పళ్ళలాంటి మొనలుంటాయి, అవి లెక్కపెట్టకుండా ఏ పీతనీ చంపొద్దు, రంగుని నమ్మొద్దు. వాషింగ్టన్ రాష్ట్రంలో అనుమతి లేకుండా బతికున్న గ్రీన్ క్రాబ్‌ని దగ్గర పెట్టుకోవడం చట్టవిరుద్ధం, అక్కడున్నవాళ్ళు ఫొటో తీసి వన్యప్రాణి శాఖకి పంపండి.

అభ్యాసం: 10 ఫుకుయి, 10 మిన్నో, 3 రాత్రులు అనుకోండి. ఫుకుయిలో 90 పడ్డాయి, వాటిలో 4 సెం.మీ. లోపువి 6. మిన్నోలో 45, వాటిలో చిన్నవి 39. ఒక్కో బోనుకి రాత్రికి ఎన్ని పడ్డాయో పెద్దవీ చిన్నవీ విడివిడిగా కట్టండి. నెల తర్వాత ఫుకుయి లెక్క సగమై, మిన్నో లెక్క రెట్టింపైతే దానికి రెండు వేర్వేరు కారణాలు రాసి, ఏది నిజమో తేల్చడానికి ఏ బోను ఎక్కడ వేస్తారో చెప్పండి.