బిందువు, రేఖ, తలం: మూడు పెన్సిళ్లు, ఒక అట్టముక్క చాలు

"అత్తా, బిందువుకి నిర్వచనం ఎక్కడా లేదేంటి?" అని మా మేనకోడలు నోట్సు పట్టుకొచ్చింది. పెన్సిల్‌తో ఒక చుక్క, మార్కర్‌తో ఒక చుక్క పెట్టించి, "ఏ బిందువు పెద్దది?" అన్నాను. మార్కర్ చుక్క చూపించబోయి ఆగింది. మీ పిల్లలతోనూ ఇక్కడే మొదలుపెట్టండి.

చుక్క బిందువు కాదు, అది ఉన్న చోటికి గుర్తు. బిందువుకి పొడవు, వెడల్పు, మందం ఏవీ ఉండవు. ఉన్నదల్లా స్థానం. ప్రాచీన గ్రీకు గణితవేత్త యూక్లిడ్ "భాగాలు లేనిది" అని చెప్పి చూశాడు. మరి భాగం అంటే ఏమిటంటే కథ మళ్లీ మొదటికొస్తుంది. 1899లో జర్మన్ గణితవేత్త హిల్బర్ట్ బిందువు, రేఖ, తలం మూడింటినీ నిర్వచించడం మానేసి, వాటి మధ్య సంబంధాలేంటో మాత్రం చెప్పాడు. అంతటివాడే వదిలేసినదాన్ని మనం బట్టీ పట్టించడం దేనికి?

ఇప్పుడు రేఖ. ఒక చుక్క గుండా ఎన్ని గీతలైనా గీయొచ్చు. రెండు చుక్కలు పెడితే వాటి గుండా ఒక్కటే సరళరేఖ వెళ్తుంది. ఏ మూడూ ఒకే వరసలో రాకుండా నాలుగు చుక్కలు పెట్టించి, రెండేసి చొప్పున కలపమనండి. మా పిల్ల చుట్టూ నాలుగు గీసి అయిపోయిందంది. అడ్డంగా పోయే రెండూ మర్చిపోయింది. మొత్తం ఆరు రావాలి. ఐదు చుక్కలైతే పది.

రేఖ రెండు వైపులా ఆగదు, అందుకే రెండు చివర్లా బాణం గుర్తులు. కిరణం ఒక వైపే పోతుంది. రెండు చివర్లా ఆగేది రేఖాఖండం, స్కేలుతో కొలవగలిగేది దాన్నే.

అసలు సరదా తలం దగ్గరుంది. తలమంటే అన్ని వైపులా ఆగకుండా పరుచుకున్న చదును. రెండు పెన్సిళ్లు నిలబెట్టి పట్టుకుని, మొనల మీద అట్టముక్క పెట్టండి. తలుపు రెక్కలా అటూ ఇటూ వాలుతుంది. ఒక రేఖ గుండా లెక్కలేనన్ని తలాలు పోతాయనడానికి అదే సాక్ష్యం. మూడో పెన్సిల్ కాస్త పక్కగా పెట్టండి, అట్ట కుదురుకుంటుంది. మూడూ ఒకే వరసలో పెడితే మాత్రం మళ్లీ వాలిపోతుంది. నాలుగోది ఎత్తు కుదరకపోతే అట్ట ఊగుతుంది. నాలుగు కాళ్ల స్టూలు కుంటడానికీ, కెమెరా స్టాండుకి మూడే కాళ్లుండడానికీ కారణం ఇదే.

చాలామంది తప్పు చేసే చోటు ఒకటుంది: కలవని రేఖలన్నీ సమాంతరమే అనుకోవడం. ఒక పెన్సిల్ బల్ల మీద నిలువుగా పడుకోబెట్టి, దానికి జానెడు ఎత్తులో ఇంకోటి అడ్డంగా పట్టుకోండి. ఎంత పొడిగించినా కలవవు, కానీ సమాంతరమూ కావు. ఒకే తలంలో ఉండి కలవకపోతేనే సమాంతర రేఖలు.

చివర్లో సగం తెరిచిన నోట్‌బుక్ చూపించి, రెండు తలాలు కలిస్తే ఒక రేఖ వెంటే కలుస్తాయన్నాను. పిల్ల ఒప్పుకోలేదు. రెండు అట్టల మూలలు ఆనించి, "ఇవి ఒక్క బిందువు దగ్గరే కలిశాయి కదా?" అంది. నేను నోరు తెరిచేలోపే మళ్లీ తనే, "ఓ, అట్ట ఇక్కడ ఆగిపోయింది, తలం ఆగదు కదా!" అని ఒకదాన్ని రెండోదానిలోకి గుచ్చేయడానికి కత్తెర వెతకడం మొదలుపెట్టింది.