బయటి లింకులు సర్దే ముందు జాగ్రత్తలు

మన సైటు పాత వ్యాసాల్లో ఇతర సైట్లకు ఇచ్చిన బయటి లింకుల జోలికి వెళ్లే ముందు ఇవి చూసుకోండి.

• ముందు బ్యాకప్. ఇందులో చర్చ లేదు.

• డబ్బు, ఉచిత వస్తువు, కమీషన్... ఏది అందినా ఆ లింకు కోడ్‌లో 'స్పాన్సర్డ్' (sponsored) అని గుర్తు పెట్టాలి. గూగుల్ 2019లో దీన్నీ, పాఠకులు పెట్టే లింకుల కోసం 'యూజీసీ'నీ (యూజర్ జనరేటెడ్ కంటెంట్) తెచ్చింది. 2005 నాటి 'నోఫాలో' (ఈ లింకును మన సిఫారసుగా లెక్కించొద్దని సెర్చ్ ఇంజిన్‌కు చెప్పే గుర్తు) పెట్టినా చెల్లుతుంది. గుర్తు వద్దని షరతు పెట్టి డబ్బిస్తామనే మెయిల్‌కు జవాబే ఇవ్వకండి.

• అలాగని టెన్షన్ పడి అన్నిటికీ నోఫాలో తగిలించొద్దు. అలా చేస్తే సెర్చ్‌లో మన పేజీకున్న బలం బయటికి పోకుండా మన దగ్గరే మిగులుతుందని ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు. అది పనిచేయదని గూగుల్ 2009లోనే చెప్పింది.

• చచ్చిన లింకులను లింకులు తనిఖీ చేసే టూల్ పట్టేస్తుంది. అసలు ప్రమాదం చేతులు మారిన డొమైన్లతోనే, అంటే సైటు పేర్లతోనే. గడువు తీరిన పేరును ఎవరో కొని జూదం సైటు పెడతారు. లింకు తెరుచుకుంటూనే ఉంటుంది కాబట్టి టూల్‌కు తప్పు కనబడదు. వంటల సైటుకని ఇచ్చిన లింకు పేకాట దగ్గర తేలుతుంది! కొంచెం విసుగే అయినా పాతవాటిని ఒక్కొక్కటిగా నొక్కి చూడాల్సిందే.

• 'ఇక్కడ నొక్కండి' అని ఉన్నచోట, అవతల ఏముందో చెప్పే మాటలు పెట్టండి.