సరైన రెంచ్ లేకుండా షవర్ డ్రెయిన్ బిగిస్తున్నారా? ముందు ఈ జాగ్రత్తలు చూడండి

అమెరికా ఇళ్లలో పాత షవర్ పాన్ (షవర్ కింద నేల మీద కూర్చునే పళ్లెం) తీసి కొత్తది వేసేటప్పుడు చాలామందికి పని ఆగిపోయేది డ్రెయిన్‌ని కిందినుంచి పాన్‌కి బిగించే లాక్‌నట్ దగ్గరే. 2 అంగుళాల డ్రెయిన్‌కి వచ్చే ఆ నట్టు దాదాపు 4 అంగుళాల వెడల్పు ఉంటుంది. ఇంట్లో ఉండే 10 అంగుళాల ప్లయర్స్ నోరు అందులో సగం వరకే తెరుచుకుంటుంది. దాంతో స్క్రూడ్రైవర్, చెక్కముక్క, సుత్తి పట్టుకుని దిగుతారు. వాటితోనూ పని అవుతుంది. కానీ నీళ్లు కారకుండా ఆపేది నట్టు బలం కాదు, సరిగ్గా కూర్చున్న గాస్కెట్ (మధ్యలో నొక్కుకునే రబ్బరు వలయం). ఇది మర్చిపోయి బలమంతా పెట్టి బిగిస్తే రబ్బరు పక్కకి జారిపోతుంది, లేదా యాక్రిలిక్ పాన్ రంధ్రం అంచున చీలుతుంది. చీలితే పాన్ మొత్తం మార్చాల్సిందే.

పని మొదలుపెట్టకముందే పైపు కొలవండి. జిగురు అక్కర్లేని కంప్రెషన్ డ్రెయిన్‌లో లోపలి రబ్బరు రింగే పైపుని పట్టుకుంటుంది. షెడ్యూల్ 40 (గోడ మందాన్ని చెప్పే ప్రమాణం) పీవీసీ 2 అంగుళాల పైపు బయటి కొలత 2⅜ అంగుళాలు. పాత ఇళ్లలో రాగి, పోత ఇనుప పైపులు ఉంటాయి, వాటి కొలత వేరు, వాటికి తగిన రింగు విడిగా చూసుకోవాలి. పైపు పై అంచు డ్రెయిన్ మీది జాలీ మట్టానికి సుమారు ముప్పావు అంగుళం కింద ఉండాలి. డబ్బాలో వచ్చిన కాగితం వేరే కొలత చెబితే దాన్నే పాటించండి. పైపు ఎక్కువైతే జాలీ కూర్చోదు, తక్కువైతే రింగుకి పట్టు దొరకదు. కోసిన అంచుని ఆకురాయితో నున్నగా చేయండి. అక్కడ మిగిలిన చిన్న ముల్లు కూడా రబ్బరుని కోసేస్తుంది. పని జరిగినంతసేపూ పైపులో ఒక గుడ్డ కుక్కి, దానికి దారం కట్టి పైకి వదలండి. మురుగు వాయువు పైకి రాదు, స్క్రూలూ వాషర్లూ ట్రాప్‌లో (కింద నీళ్లు నిలిచే పైపు వంపులో) పడవు.

పాన్ పైనుంచి డ్రెయిన్ దించే ముందు దాని అంచు కింద తెగకుండా చుట్టూ సిలికాన్ వేయండి. యాక్రిలిక్, ఏబీఎస్ ప్లాస్టిక్‌ల దగ్గర నూనె కలిసిన ప్లంబర్స్ పుట్టీ వాడొద్దు, ప్లాస్టిక్ కాలక్రమేణా పగుళ్లిస్తుంది. పాన్ కిందివైపు మొదట రబ్బరు గాస్కెట్, దాని కింద కాగితం లేదా ఫైబర్ వాషర్, ఆ తర్వాతే లాక్‌నట్. ఆ పల్చటి వాషర్‌ని పారేసేవాళ్లున్నారు. నట్టు తిరిగేటప్పుడు దాని మీద జారడానికే అది ఉంది. అది లేకపోతే రబ్బరు నట్టుతోపాటు మెలితిరిగి ముడత పడుతుంది, లీకు ఆ ముడతలోంచే మొదలవుతుంది. నట్టు ఎక్కే మరచుట్లకి టెఫ్లాన్ టేప్ చుట్టనక్కర్లేదు, అక్కడ నీళ్లు ఆపే పని ఆ చుట్లది కాదు.

అసలు కష్టం నట్టు తిప్పడం కాదు, పైన డ్రెయిన్ తిరగకుండా పట్టుకోవడం. అది కాస్త తిరిగినా సిలికాన్ పట్టు తెగుతుంది. అందుకే ఇద్దరుండాలి. పైన ఒకరు ప్లయర్స్ పిడుల్ని డ్రెయిన్ లోపలి బొడిపెల మధ్య దింపి, వాటి మధ్యలో స్క్రూడ్రైవర్ అడ్డంగా పెట్టి కదలకుండా పట్టుకోవాలి. పాన్ మీద మందపాటి తువ్వాలు పరచండి. జారిన స్క్రూడ్రైవర్ ఒక్కటి చాలు, పై పూత లేచిపోవడానికి.

కింద ఉన్నవారు కళ్లద్దాలు పెట్టుకోవాలి. నట్టుని ముందు చేత్తోనే పూర్తిగా బిగించండి. వంకరగా ఎక్కితే వెనక్కి తిప్పి మళ్లీ మొదలుపెట్టండి. ఆ తర్వాత కారు ఆయిల్ ఫిల్టర్ విప్పే పట్టీ రెంచ్ ఉంటే, చోటు చాలితే, అదే మేలు. లేకపోతే నట్టు అంచున పొడుచుకొచ్చిన చెవికి గట్టి చెక్కముక్క ఆనించి, తిరిగే దిశలో సుత్తితో తేలిగ్గా తట్టండి. ఒకే చెవిని కొడుతూ పోతే ప్లాస్టిక్ విరుగుతుంది. ఒక దెబ్బ ఇటు, ఒక దెబ్బ ఎదురుగా ఉన్న చెవికి. చేత్తో బిగిసిన చోటునుంచి పావు చుట్టు, మహా అయితే అర చుట్టు. గాస్కెట్ రబ్బరు ఆ పల్చటి వాషర్ అంచు దాటి చుట్టూ సమంగా కొద్దిగా ఉబ్బిందంటే ఆపేయండి. ఒకవైపే ఉబ్బితే గాస్కెట్ జరిగినట్టు, విప్పి పాత సిలికాన్ తుడిచి మళ్లీ వేయాలి. చలికాలంలో క్రాల్ స్పేస్‌లో (ఇంటి నేల కింద పాకి వెళ్లే ఇరుకు చోట్లో) చేస్తుంటే సామాను ముందురోజే గదిలోకి తెచ్చుకోండి, చల్లబడ్డ పీవీసీ సుత్తి దెబ్బకి తేలిగ్గా పగులుతుంది.

ఇక లోపలి రింగు. గిన్నెల సబ్బు నీళ్లు రాసి, మొద్దు చెక్కతో చుట్టూ కొద్దికొద్దిగా లోపలికి దింపండి. స్క్రూడ్రైవర్ మొనతో పొడవద్దు. వేజలిన్, గ్రీజు వద్దు. దాని మీద కంప్రెషన్ నట్టు బిగించడానికి డబ్బాలో చిన్న రెంచ్ వస్తుంది, అట్టతోపాటు పారేయకండి. అది లేకపోతే పొడుగు ముక్కు ప్లయర్స్ మొనల్ని నట్టు మీది ఎదురెదురు గాడుల్లో పెట్టి తిప్పండి, పైపు రెండు మొనల మధ్య ఉంటుంది.

సిలికాన్‌కి 24 గంటలు వదిలాక పరీక్ష పెట్టండి. లోపలి రింగు కంటే కిందికి దిగేలా పైపులో పైపుని మూసే 2 అంగుళాల టెస్ట్ ప్లగ్ బిగించి పాన్‌లో నీళ్లు నింపి, మట్టం దగ్గర టేపు అంటించి రాత్రంతా ఉంచండి. కింద పొడి న్యూస్‌పేపర్ పరచండి. నట్టు అంచున తడి కనిపిస్తే లోపం పాన్ గాస్కెట్‌ది, పైపు వెంట దిగితే లోపలి రింగుది. మర్నాడు ప్లగ్ తీసి, ఒకరు పాన్‌లో నిలబడి అటూ ఇటూ బరువు మారుస్తుండగా పది నిమిషాలు నీళ్లు వదలండి. పాన్ కింద ఆనిక కోసం వేసే మోర్టార్ (సిమెంటు ముద్ద) సరిగ్గా లేకపోతే బరువుకి అది వంగుతుంది, ఎంత బాగా బిగించిన డ్రెయిన్ అయినా కొన్నాళ్లకి వదులవుతుంది. ఈ రెండు పరీక్షలూ అయ్యేదాకా కింది గది సీలింగ్‌ని డ్రైవాల్‌తో మూయొద్దు. కాండోలో ఉంటే అసోసియేషన్ అనుమతి, సిటీ పర్మిట్ అవసరమా లేదా అన్నది పాత పాన్ పీకకముందే కనుక్కోండి.