వేలం ట్రాక్టర్‌కు బయానా కట్టే ముందు

పోయిన వారం డిండి వైపు నుంచి ఒక రైతు మా జిరాక్స్ సెంటర్‌కు వచ్చారు. ఫోనులో ఉన్న కాగితాన్ని రంగుల్లో ప్రింటు తీయమన్నారు. ఫైనాన్సు కంపెనీ సీజ్ చేసిన ట్రాక్టర్‌ను ఆన్‌లైన్ వేలంలో పాడుకున్నారట. శంషాబాద్ దగ్గరి యార్డు నుంచి బండి తెచ్చుకోవడానికి ఇచ్చిన గేట్ పాస్ అది. పక్కన కొడుకు, బయట ఆటోలో డ్రైవరు ఉన్నారు. చేతి సంచిలో కొబ్బరికాయ, పసుపు పొట్లం, టైర్ల కింద పెట్టడానికి నాలుగు నిమ్మకాయలు కనిపించాయి.

ప్రింటు బయటికి వస్తుండగానే నా గుండె ఝల్లుమంది. ఆ ముద్రను నేను ముందే చూశాను. సంక్రాంతి తర్వాత కొండమల్లేపల్లి నుంచి వచ్చిన ఒకాయన ఇలాంటి కాగితమే తీయించుకుని యార్డుకు వెళ్లారు. ఉత్త చేతులతో తిరిగొచ్చి, పోలీసులకు ఇవ్వడానికి నా దగ్గరే మరో కాపీ తీయించుకున్నారు. ఆ కాపీని, ఈ కాపీని బల్ల మీద పక్కపక్కన పెట్టాం. గుండ్రటి ముద్ర రెండింటిలోనూ ఎడమకు ఒకే వాలుగా ఒరిగి ఉంది. కుడి అంచున రెండక్షరాలు చెరిగిన చోటు ఒకటే. సంతకం చివరి గీత ముద్రను దాటిన చోటూ ఒకటే. చేత్తో వేసే ముద్ర రెండుసార్లు అచ్చంగా ఒకేలా పడదు. మారినవి పేరు, బండి నంబరు, తేదీ మాత్రమే.

ఆయన అప్పటికే నాలుగు విడతలుగా కట్టేశారు. రిజిస్ట్రేషన్ అని 5,500, ధరావతు అని 40,000, పాట మీకే ఖాయమైందన్నాక 92,000, ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) ఖర్చులని 18,500. మొత్తం 1,56,000 రూపాయలు. అందులో యాసంగి వడ్ల డబ్బు కొంత, నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చింది కొంత.

“కనుక్కోకుండా కట్టలేదన్నా, కంపెనీకి ఫోన్ చేసి అడిగాకే కట్టాను” అన్నారు. ఏ నంబరుకు చేశారని అడిగితే, ఆ కాగితం నెత్తిన అచ్చయి ఉన్న నంబరు మీదే వేలు పెట్టి చూపించారు.

నేను ఇది రాస్తున్నది ఆ వేలు పెట్టి చూపించిన చోటు గురించే. తెలియనివాళ్లకు ఓటీపీ చెప్పవద్దని, సగం ధరకు వస్తే అనుమానించాలని అందరికీ తెలుసు. మోసపోయి నా దగ్గరికి వచ్చినవాళ్లలో అమాయకులు తక్కువ. దాదాపు అందరూ సరిచూసుకున్నవాళ్లే. అయితే అమ్మేవాడు ఇచ్చిన నంబరుకు ఫోన్ చేసి, అమ్మేవాడు పంపిన లింకు తెరిచి, అమ్మేవాడు చేర్చిన వాట్సాప్ గ్రూపులో “నాకు బండి అందింది” అని రాసినవాళ్లను నమ్మి సరిచూసుకున్నారు. దొంగ సాక్ష్యం చెప్పేవాడిని దొంగే తెచ్చి నిలబెడితే ఆ సాక్ష్యానికి విలువేముంది? అమ్మేవాడు ఇచ్చిన నంబరుతో అమ్మేవాడిని సరిచూడకండి.

రోహిణి కార్తె వస్తోంది. తొలి వానకు ముందే దుక్కులు కావాలి, వడ్ల డబ్బు ఖాతాలో పడింది, కొత్త బండికి చాలదు. సరిగ్గా ఇప్పుడే ఫోన్లలో ఈ ప్రకటనలు ఎక్కువవుతాయి. సీజ్ చేసిన బండ్ల వేలాలన్నీ అబద్ధం కావు. ఫైనాన్సు కంపెనీలు నిజంగానే కిస్తీలు కట్టని బండ్లను యార్డుల్లో నిలిపి ఆన్‌లైన్‌లో అమ్ముతాయి. నిజమైన వ్యాపారం ఒకటి ఉంది కాబట్టే దొంగ వేలం కూడా నిజంలా కనిపిస్తుంది.

అమ్మేవాడు ఎవరు

బండి ఫలానా ఫైనాన్సు కంపెనీదని చెబితే, ఆ కంపెనీ శాఖకు మీ కాళ్లతో మీరు వెళ్లండి. నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్‌లలో ట్రాక్టర్ ఫైనాన్సు కార్యాలయాలకు కొదవ లేదు. మీ ఊళ్లో ఆ కంపెనీకి కిస్తీలు కట్టే మనిషి ఒక్కరైనా ఉంటారు; శాఖ ఎక్కడుందో వారిని అడగండి. అక్కడ మూడే ప్రశ్నలు వేయండి. ఈ నంబరు బండిని మీరు సీజ్ చేశారా? వేలానికి పెట్టారా? పెడితే ఏ వేదిక మీద, డబ్బు ఏ పేరిట కట్టాలి? పది నిమిషాల పని. డిండి రైతు ప్రింటు తీయించుకున్న రోజే ఆ కంపెనీ శాఖకు వెళ్లాం. ఆ బండి తమది కానే కాదని కంప్యూటర్‌లో చూసి రెండు నిమిషాల్లో చెప్పారు.

ఇంటర్నెట్‌లో కంపెనీ పేరు, కస్టమర్ కేర్ అని వెతికి వచ్చిన మొదటి నంబరుకు చేయడం కూడా ఆ తప్పే. అక్కడ మోసగాళ్లే తమ నంబర్లు పెడతారు. ఫైనాన్సు కంపెనీ అసలు ఉందా లేదా అన్నది రిజర్వు బ్యాంకు వెబ్‌సైటులోని నమోదిత కంపెనీల జాబితాలో చూడవచ్చు. కానీ జాబితాలో పేరు ఉన్నంత మాత్రాన మీకు ఫోన్ చేసినవాడు ఆ కంపెనీ మనిషి అయిపోడు.

ప్రభుత్వ రంగ బ్యాంకులు తాకట్టు ఆస్తులను బ్యాంక్‌నెట్ పోర్టల్‌లో వేలం వేస్తాయి. ప్రభుత్వ శాఖల పాత వాహనాలు, తుక్కు ఎక్కువగా కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎంఎస్‌టీసీ ద్వారా వెళతాయి. ఫలానా బ్యాంకు వేలం అని ఎవరైనా చెబితే వాళ్ల లింకు పక్కన పెట్టి, ఆ పోర్టల్ పేరు మీరే కొట్టి అక్కడ వెతకండి.

వెబ్‌సైటు చిరునామా చదవడం నేర్చుకోండి. https:// తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీతకు (/) ముందు చివర ఏముందో అదే అసలు పేరు. దానికి ముందు ఎంత పెద్ద బ్యాంకు పేరు రాసుకున్నా లెక్కలోకి రాదు. ప్రభుత్వ శాఖల సైట్లు ఎక్కువగా డాట్ జీఓవీ డాట్ ఇన్‌తో ముగుస్తాయి. బ్యాంకులు 2025 అక్టోబరు 31లోగా డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌కు మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. చిరునామా పక్కన తాళం గుర్తు చూసి మోసపోకండి. మీకూ ఆ సైటుకూ మధ్య మాటలు మూడోవాడికి వినపడవని మాత్రమే దాని అర్థం. అవతల ఉన్నది దొంగ అయినా తాళం పడుతుంది.

జీఎస్‌టీ నంబరు పంపితే విడదీసి చూడండి. అందులో 15 అక్షరాలు, అంకెలు ఉంటాయి. మొదటి రెండంకెలు రాష్ట్రం: తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. తర్వాతి పది పాన్ నంబరు. మొత్తంలో ఆరో స్థానంలోని ఇంగ్లిషు అక్షరం యజమాని ఎవరో చెబుతుంది: కంపెనీ అయితే ‘సీ’, మామూలు వ్యక్తి అయితే ‘పీ’, భాగస్వామ్య సంస్థ అయితే ‘ఎఫ్’. ప్రైవేట్ లిమిటెడ్ అని లెటర్‌హెడ్ మీద రాసుకుని ఆరో అక్షరం ‘పీ’ ఉంటే ఆ కాగితం అబద్ధం. జీఎస్‌టీ సైటులో కొట్టి పేరు, చిరునామా కూడా చూడండి. అన్నీ సరిపోయినా ఆగండి. ఎక్కడో నిజాయతీగా వ్యాపారం చేసుకునేవాడి నంబరును దొంగ తన కాగితం మీద అచ్చు వేసుకోవచ్చు. ఆ కాగితమూ అమ్మేవాడు ఇచ్చిందే కదా.

బండి ఉందా

నంబరు ప్లేటే సగం కథ చెబుతుంది. 2014 జూన్‌కు ముందు నల్లగొండ బండి ఏపీ 24, మహబూబ్‌నగర్ బండి ఏపీ 22. ఆ తర్వాత టీఎస్ 05, టీఎస్ 06. కొత్త జిల్లాలు వచ్చాక సూర్యాపేటకు 29, నాగర్‌కర్నూల్‌కు 31, వనపర్తికి 32 వచ్చాయి. టీజీ మొదలైంది 2024 మార్చిలో. పాత టీఎస్ బండ్లు టీఎస్‌గానే తిరుగుతున్నాయి. కాబట్టి “2019 మోడల్, ఒకే యజమాని, మన జిల్లా బండి” అని చెప్పి ప్లేటు మీద టీజీ 05 చూపిస్తే ఎలా వచ్చిందో అడగండి. వేరే రాష్ట్రం నుంచి తెచ్చి ఇక్కడ మళ్లీ రిజిస్టర్ చేస్తే తప్ప అలా రాదు. డిండి రైతుకు పంపిన ఫోటోలో ఉన్నది అలాంటి ప్లేటే. ఫోటోను పెద్దది చేసి చూస్తే అంకెల వెనక తెలుపు, మిగతా ప్లేటు తెలుపు కంటే వేరుగా ఉంది.

రవాణా శాఖ సైటులో బండి నంబరు కొట్టండి. వివరాలు రాకపోతే నంబరు రాసుకుని ఆర్టీఏ కార్యాలయానికి వెళ్లండి. బండి రకం, ఏ ఏడాదిది, ఫైనాన్సు ఎవరిది అన్నవి అమ్మేవాడు చెప్పినదానితో కలవాలి.

బండిని కళ్లతో చూడాలి. నిజమైన వేలంలో యార్డుకు వచ్చి చూసుకోవడానికి రోజులు ఇస్తారు, ఎందుకంటే అక్కడి షరతే “ఎక్కడున్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే”. కొన్నాక ఇంజిన్ పోయిందంటే వాళ్లు బాధ్యులు కారు. చూడనివ్వకుండా అలాంటి షరతు మీద ఎవరూ అమ్మరు. “యార్డులోకి బయటివాళ్లను రానివ్వరు, డబ్బు కట్టాక గేట్ పాస్ ఇస్తాం” అన్న మాట వినపడితే ఫోన్ పెట్టేయండి. తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకుపోండి. ఛాసిస్ మీద చెక్కిన నంబరును వేలితో తడిమి, ఆర్‌సీతో ఒక్కో అంకె కలిపి చూడండి.

డబ్బు

చూశాక, శాఖలో అడిగాక, అప్పుడు డబ్బు. డబ్బు కంపెనీ పేరిటే పోవాలి. యూపీఐలో పంపే ముందు బ్యాంకులో నమోదైన పేరు కనిపిస్తుంది. 2025 ఏప్రిల్ నుంచి నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లో కూడా పంపే ముందు ఖాతాదారు పేరు చూసుకునే సదుపాయం పెట్టాలని బ్యాంకులకు ఆదేశాలున్నాయి. బ్యాంకుకు వెళ్లి పంపేవాళ్లు కౌంటర్‌లో అడగండి. తెరమీద కంపెనీ పేరుకు బదులు ఎవరో మనిషి పేరు వచ్చిందా, అక్కడితో ఆపండి. మా క్యాషియర్ ఖాతా అంటారు, జీఎస్‌టీ తగ్గుతుందంటారు, ఈ రోజు కంపెనీ ఖాతా పనిచేయడం లేదంటారు. వినకండి. డిండి రైతు పంపిన నాలుగు విడతలూ నాలుగు వేర్వేరు మనుషుల పేర్ల మీదికి వెళ్లాయి. నాలుగుసార్లూ ఆ పేరు ఆయన కళ్ల ముందు కనిపించింది.

మొదటి ఐదు వేలతో ఎవరి కొంపా మునగదు. ఆ ఐదు వేలు పోకూడదని కట్టే నలభై వేలు, ఆ నలభై వేలు దక్కించుకోవాలని కట్టే తొంభై వేలు ముంచుతాయి. ఇంకా కట్టమన్నారంటే కట్టినది పోయినట్టే లెక్క వేసుకుని అక్కడ ఆగండి.

డబ్బు రావడానికి పిన్ అక్కరలేదు. క్యూఆర్ కోడ్ స్కాన్ చేయడమూ అక్కరలేదు. పిన్ కొట్టారంటే మీ డబ్బు పోతోందన్నమాట.

“ధరావతు వాపసు ఫారం” అని వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు (ఫోనులో యాప్ ఎక్కించే ఫైలు) తెరవకండి.

ఫోను తెరను ఎవరికీ పంచకండి.

ఆధార్, పాన్ ఫోటోలు పంపకండి. రేపు ఇంకో ఊళ్లో “నేనే అమ్మేవాడిని, ఇదిగో నా ఆధార్” అని మీదే చూపిస్తాడు. సైనికుడి గుర్తింపు కార్డు చూపించినా అంతే. అది ఎవరి దగ్గర కాజేసిందో మీకు తెలియదు.

“ఇంకో ఇద్దరు అడుగుతున్నారు, సాయంత్రం ఆరులోగా కట్టాలి” అంటే ఆ రోజు కట్టకండి.

ఆదివారం కట్టకండి. శాఖ మూసి ఉంటుంది, అడిగే చోటు ఉండదు.

రాత్రి పూట కట్టకండి.

ఇంట్లో చెప్పకుండా కట్టకండి. మెడలోవి తాకట్టు పెట్టాల్సి వచ్చేటప్పుడు తెలియడం కంటే ముందే తెలియడం మంచిది.

చదువుకున్న కొడుకు ఫోనులో చూసి బాగానే ఉందన్నాడని కట్టకండి. అతను చూసింది కూడా అమ్మేవాడు పంపినదే అయితే చూడనట్టే. అమ్మేవాడు ఇచ్చిన నంబరుతో, ఇచ్చిన లింకుతో, ఇచ్చిన కాగితంతో అమ్మేవాడిని సరిచూడకండి. ఇంటి వాకిట్లో బండి వచ్చి నిలబడేదాకా గుర్తుంచుకోండి.

డబ్బు పోయిందా, ఏడుస్తూ కూర్చోకండి. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మోసగాడు ఆ డబ్బును ఇంకో ఖాతాకు, అక్కడి నుంచి ఇంకో ఖాతాకు తోసేస్తుంటాడు. మీరు ఎంత త్వరగా చెబితే, డబ్బు ఎక్కడో ఒకచోట నిలిపివేయడానికి అంత వీలుంటుంది. చెల్లింపు మెసేజ్‌లోని లావాదేవీ నంబరు, పంపిన సమయం, మొత్తం దగ్గర పెట్టుకోండి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు నమోదు చేయవచ్చు. మీ బ్యాంకుకు చెప్పండి. కోపంతో చాటింగ్ చెరిపేయకండి, వాడి నంబరును తీసేయకండి. “మీ డబ్బు తిరిగి ఇప్పిస్తాం, ఫీజు కట్టండి” అని తర్వాత ఫోన్ చేసేవాడికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

డిండి రైతు చివరి విడత కట్టి అప్పటికి ఒక్క రాత్రే గడిచింది. నా షాపు నుంచే 1930కి ఫోన్ చేయించాను. ఆ 18,500 ఒక ఖాతాలో నిలిచిపోయిందని మొన్న కబురు వచ్చింది. మిగతాది దొరకలేదు. కొబ్బరికాయ సంచి నా బల్ల కింద మరిచిపోయి వెళ్లారు.

దేవరకొండ చుట్టుపక్కల వాళ్లెవరికైనా ఇలాంటి కాగితం వస్తే డబ్బు కట్టకముందు మా షాపుకు తీసుకురండి. ఆ రెండు ముద్రలూ బల్ల మీద ఉంచాను, మీ కాగితం వాటి పక్కన పెట్టి చూద్దాం. ప్రింటుకు డబ్బులు తీసుకోను.