సెకండ్ లైఫ్ సముద్రంలో పడవ పోగొట్టుకోకుండా రీజియన్లు దాటడం ఎలా?

సెకండ్ లైఫ్ అంటే ఆన్‌లైన్‌లో మన బొమ్మ మనిషితో తిరిగే ఊహా ప్రపంచం. అందులో టెలిపోర్ట్ (ఒక్క నొక్కుతో ఇంకో చోట దిగే పద్ధతి) నొక్కి దిగేవాళ్లకి సెకండ్ లైఫ్ ఖండాలు ఎన్నేళ్లయినా ఒంటబట్టవు. ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా బీచ్ రోడ్డు పట్టుకుని వెళ్తేనే కదా రుషికొండ ఎక్కడ తగులుతుందో తెలిసేది! 2003 నాటి పాత ఖండం సంసారా, దానికి ఉత్తరాన హెటెరోసెరా. అక్కడ ఊళ్లకి పెట్టినట్టు రీజియన్లకి (ఖండంలోని చదరపు ముక్కలకి) దీపం చుట్టూ తిరిగే రెక్కల పురుగుల పేర్లు పెట్టారు. ఇవన్నీ నాకు పడవలో తిరిగితేనే గుర్తున్నాయి.

చిన్న తెరచాప పడవ చాలు. మోటారు బోటు వద్దు, అది రీజియన్ల సరిహద్దు గీతల మీదికి మరీ వేగంగా తోసేస్తుంది. వైఫై కాదు, లాన్ కేబుల్ పెట్టుకోండి. స్క్రిప్టులున్న (లోపల చిన్న ప్రోగ్రాములు నడిచే) నగలు, జుట్టు తీసెయ్యండి. రెజ్ జోన్ (వస్తువులు బయటికి తీసి పెట్టనిచ్చే చోటు) ఉన్న రేవులో పడవ దింపి ఎక్కండి. కొత్తవాళ్లు బ్లేక్ సీ అనే సముద్రంలో మొదలుపెట్టండి.

ఇక అందరూ పాడుచేసేది ఇక్కడే. కంటికి ఒకటే సముద్రం, కానీ అది 256 మీటర్ల చదరాలు పేర్చిన నేల. ఒక్కో చదరాన్ని ఒక్కో సిమ్యులేటర్ (సర్వర్ ప్రోగ్రాము) నడుపుతుంది. గీత దాటేటప్పుడు మిమ్మల్ని, పడవని, దాని స్క్రిప్టుల్ని ఒకటి ఇంకోదానికి అప్పజెప్పాలి. ఆ క్షణంలో మీరు మీటలు నొక్కుతూ ఉంటే అప్పగింత చెడిపోవచ్చు.

పైన అడ్రస్ బారులో అంకెలు చూడండి. మొదటిది తూర్పుకి వెళ్లేకొద్దీ, రెండోది ఉత్తరానికి వెళ్లేకొద్దీ పెరుగుతుంది. తూర్పుకి పోతుంటే మొదటి అంకె 230 దాటగానే బాణం మీటల మీంచి వేలు తియ్యండి. పడవ తనంతట తాను, తిన్నగా దాటాలి. అంకె మళ్లీ సున్నా దగ్గర మొదలై పడవ కుదుటపడేదాకా ఏమీ ముట్టుకోకండి. 245 దాకా ఆగొచ్చని కొందరంటారు. సర్వర్లు అమెరికాలో ఉన్నాయి, మనం విశాఖలో ఉన్నాం. మన మీట అక్కడికి చేరేలోపు పడవ ముందుకెళ్లిపోతుంది. మనకి 230 హద్దు.

నాలుగు చదరాలు కలిసే మూలకి ఎప్పుడూ వెళ్లొద్దు. ఒక అప్పగింత ముగియకుండానే రెండోది మొదలవుతుంది. ఓసారి మా మేనల్లుణ్ని ఎక్కించుకుని మూలకి అడ్డంగా పోయాను. పడవ అవతలికి వెళ్లిపోయింది, మేమిద్దరం కూర్చున్న భంగిమలోనే నీళ్లడుగున ఉండిపోయాం. వాడు కంగారుపడి స్టాండ్ (లేచి నిలబడే బటన్) నొక్కాడు, ఇంక పడవ దొరకలేదు. అలా ఇరుక్కుంటే లేవకండి. ఒక నిమిషం ఆగండి, అప్పటికీ కదలకపోతే లాగౌటై మళ్లీ రండి.

ఒడ్డుకి మరీ దగ్గరగా వెళ్లొద్దు. వేరేవాళ్ల సొంత స్థలాల చుట్టూ ఉండే నిషేధ గీతలు పడవని ఆపేస్తాయి.

చేరాక పడవని ఇన్వెంటరీలోకి (మీ వస్తువుల సంచిలోకి) తీసుకోండి. మరిచిపోయి వచ్చేస్తే, ఆటో రిటర్న్ (వదిలేసిన వస్తువుని యజమానికి తిప్పి పంపే అమరిక) పెట్టిన స్థలంలోంచి అది లాస్ట్ అండ్ ఫౌండ్ ఫోల్డర్‌లోకి చేరుతుంది. ముందు అక్కడ వెతకండి.